మిథైల్‌ఫెనిడేట్, అటోమాక్సెటిన్: ఏడీహెచ్‌డీకి ఏ మందు?
ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు కనిపించే సమస్య అయిన ఏడీహెచ్‌డీకి వాడే ఈ రెండు మందుల్లో ఉత్తేజక ఔషధం మిథైల్‌ఫెనిడేట్ మాత్రమే. మెదడులో డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు నాడీకణాల్లోకి తిరిగి చేరకుండా అడ్డుకునే ఈ మందు, సాధారణ మాత్రగా వేసుకుంటే గంటలోపే పనిచేసి సుమారు 4 గంటలు నిలుస్తుంది. ఆకలి, నిద్ర తగ్గడం, గుండె వేగం, రక్తపోటు పెరగడం వంటివి కలగవచ్చు కనుక, పిల్లల ఎత్తు, బరువులను కూడా వైద్యులు ఎప్పటికప్పుడు చూస్తుంటారు. దుర్వినియోగానికి అవకాశం ఉన్నందున 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం దీనిని నియంత్రిత జాబితాలో ఉంచింది. పరీక్షల ముందు స్నేహితుని మాత్రను అడిగి మింగడం, నా దృష్టిలో, ఆరోగ్యంతో జూదమాడటమే.

అమెరికాలో 2002లో అనుమతి పొందిన అటోమాక్సెటిన్‌తో వ్యసన భయం అంతగా లేదు గాని, పూర్తి ఫలితానికి వారాల తరబడి ఆగాలి. అరుదుగా కాలేయం దెబ్బతినవచ్చు, పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు తలెత్తుతున్నాయేమో గమనించాలి. మాదకద్రవ్యాల అలవాటు ఉన్నవారి విషయంలో వైద్యులు తరచుగా దీనివైపే మొగ్గుతారు.