నాలుగేళ్లుగా రెండు పెట్టెలు: సైనాలజీ, ట్రూనాస్ స్నాప్‌షాట్లతో నా అనుభవం

మాది పెళ్లి వీడియోల స్టూడియో. అక్కడ సైనాలజీ కంపెనీ పెట్టె ఉంది, అంటే నెట్‌వర్క్‌లో అందరం ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె. ఇంట్లో పాత కంప్యూటర్ మీద అదే పని చేసే ట్రూనాస్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. రెండింట్లోనూ నాలుగేళ్లుగా స్నాప్‌షాట్లు నడుస్తున్నాయి, అంటే ఫైళ్లు ఆ క్షణంలో ఎలా ఉన్నాయో అలా పట్టి ఉంచే కాపీలు.

సైనాలజీ కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఆ మోడల్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లు పేర్చే పద్ధతి) ఉందా అని. వాల్యూమ్ (ఫైళ్లుండే డిస్క్ భాగం) ఈఎక్స్‌టీ4 అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లో ఉంటే షేర్డ్ ఫోల్డర్లకు స్నాప్‌షాట్ల ఊసే ఉండదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఉంటే మాత్రం 5 నిమిషాలకొకటి కూడా తీయొచ్చు, ఫోల్డర్‌కు 1024 దాకా దాచొచ్చు. మేం గంటకొకటి తీస్తున్నాం, అదే ఎక్కువ.

ఒకసారి మా ఎడిటర్ కుర్రాడు తలంబ్రాల క్లిప్‌లన్నీ తీసేశాడు. "డూప్లికేట్లు అనుకున్నా అన్నా" అన్నాడు. సెట్టింగ్స్‌లో స్నాప్‌షాట్లు కనబడేలా పెట్టుకుంటే షేర్‌లోనే ఒక ఫోల్డర్ వస్తుంది, లోపల తేదీ, టైము పేర్లతో పాత కాపీలుంటాయి. వాడే తెరిచి, వాడే వెనక్కి తెచ్చుకున్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

ట్రూనాస్‌లో ఉండే ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్ కూడా ఇలాంటి ఫోల్డర్ ఇస్తుంది, కాకపోతే దాచి ఉంచుతుంది. విండోస్‌లో పాత కాపీలు చూపే 'ప్రీవియస్ వెర్షన్స్' రెండింటికీ పనిచేస్తుంది. నేను ఆ దారి వదిలేసి, ఒక్క ఫైలు కోసం డేటాసెట్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో పెద్ద ఫోల్డర్ లాంటిది) మొత్తాన్ని పొద్దుటి స్నాప్‌షాట్‌కు రోల్‌బ్యాక్ చేశాను, అంటే అప్పటి స్థితికి వెనక్కి తిప్పేశాను. తర్వాత తీసిన స్నాప్‌షాట్లు పోతాయని హెచ్చరిక వచ్చింది, చదవకుండా ఓకే కొట్టాను. ఆ రోజు చేసిన పనంతా పోయింది. తప్పు పూర్తిగా నాదే. స్నాప్‌షాట్‌ను క్లోన్ చేసి (వేరే కాపీగా తెరిచి) అందులోంచి ఆ ఫైలు తెచ్చుకుంటే సరిపోయేది.

అసలు తలనొప్పి జాగా దగ్గరే. ట్రూనాస్‌లో పాత పెళ్లి ఫుటేజి 800 జీబీ డిలీట్ చేశాను, ఖాళీ ఒక్క జీబీ కూడా పెరగలేదు. ఆ డేటాను పట్టుకుని పది స్నాప్‌షాట్లున్నాయి మరి. విచిత్రమేంటంటే, జెడ్‌ఎఫ్‌ఎస్ ఒక్కో స్నాప్‌షాట్ పక్కన చూపించే సైజు దానికొక్కదానికే సొంతమైన డేటాది. పదీ కలిసి పట్టుకున్నది ఏ ఒక్కదాని లెక్కలోకీ రాదు. పదింటి పక్కనా దాదాపు సున్నా! తొమ్మిది తీసేసినా అంతే, పదోది తీశాకే జాగా వచ్చింది. స్నాప్‌షాట్లన్నీ కలిసి ఎంత తింటున్నాయో చెప్పే 'యూజ్డ్‌స్నాప్' అనే లెక్క వేరే ఉందని అప్పుడే తెలిసింది. ఇప్పుడు ముందు అదే చూస్తాను. సైనాలజీలో సైజు కావాలంటే మనమే లెక్క వేయించుకోవాలి, అది నడిచేలోపు టీ తాగి రావచ్చు.

అందుకే రా ఫుటేజికి వేరే ఫోల్డర్ పెట్టి, దాని స్నాప్‌షాట్లు మూడు రోజులే ఉంచుతున్నాను. చిన్న సైజు ప్రాజెక్ట్ ఫైళ్లకు నెల రోజులు.

ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ భయానికి సైనాలజీయే నయమనిపించింది. దాని సొంత సాఫ్ట్‌వేర్ డీఎస్‌ఎం 7.2 నుంచి ఇమ్యూటబుల్ (మార్చలేని) స్నాప్‌షాట్లున్నాయి. 7 నుంచి 30 రోజుల మధ్య గడువు పెడితే అప్పటిదాకా అడ్మిన్ కూడా చెరపలేడు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో స్నాప్‌షాట్‌ను చెరపనివ్వని 'హోల్డ్' ఉంది కానీ, రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ దొరికినవాడు దాన్ని విడిపించేయగలడు. ఇమ్యూటబుల్ కూడా ప్రాజెక్ట్ ఫైళ్లకే పెట్టాను. ఫుటేజికి పెడితే, పెళ్లిళ్ల సీజన్ మధ్యలో డిస్క్ నిండినా నేనే ఏమీ చేయలేను.