మోడల్ ఇంజిన్‌ని పెయింటింగ్‌కి, సౌండ్ డీకోడర్‌కి ఇస్తున్నారా? బాడీ విప్పి చూపించేదాకా బ్యాలెన్స్ కట్టకండి

హైదరాబాద్‌లో హెచ్‌ఓ స్కేల్ (నిజం రైలులో 87వ వంతు) మోడల్ రైళ్లు నడిపేవాళ్లం మహా అయితే ఎంతమందిమి ఉంటాం? ఒకరి దగ్గర మోసపోతే ఇంకొకరికి చెప్పకపోతే ఎట్లా? అందుకే ఇది రాస్తున్నాను. మోడల్ డీజిల్ ఇంజిన్‌కి రంగులేసి, డీటెయిలింగ్ చేసి, సౌండ్ డీకోడర్ (ఇంజిన్ లోపల ఉండి మోటార్‌ని నడిపే, చప్పుడు చేసే చిన్న సర్క్యూట్) పెట్టిస్తానని మన ఊళ్లోనే ఒకతను నా దగ్గర 28,000 రూపాయలు తీసుకున్నాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయను. పని ఎట్లా చెడగొట్టాడో, నేనెక్కడ దెబ్బతిన్నానో మాత్రం దాచకుండా చెప్తాను.

మా బాపు కాజీపేట డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. ఆయనకి ఇంజిన్ అంటే డబ్ల్యూడీఎం-2. పదహారు సిలిండర్ల ఆల్కో (అమెరికా కంపెనీ) 251 ఇంజిన్, 2,600 హార్స్ పవర్, 1962లో అమెరికా నుంచి మొదటివి వచ్చాయి, ఆ తర్వాత వారణాసి డీఎల్‌డబ్ల్యూలో మనవాళ్లే వేలల్లో తయారు చేశారు. ఒక ఇంజిన్ పక్కన నూనె మరకల చొక్కాతో బాపు నిలబడ్డ ఫోటో మా ఇంట్లో గోడమీద ఉంది. ఆయనకి 75 ఏళ్లు నిండే రోజుకి ఆ ఫోటోలో ఉన్న ఇంజిన్నే, అదే నంబర్‌తో, అదే ఎరుపు మీద మీగడ రంగు పట్టీతో చేయించి చేతిలో పెట్టాలనుకున్నాను.

చాసిస్ నాదే. ఆరు ఇరుసుల అమెరికన్ ఆల్కోది, మామూలు డీసీ మీద ఎనిమిది బోగీల్ని సులువుగా లాగేది. దాని మీదికి డబ్ల్యూడీఎం-2 బాడీని త్రీడీ ప్రింట్ తీసి, రంగులేసి, నంబర్ల డెకాల్స్ (పల్చటి స్టిక్కర్లు) అతికించి, హ్యాండ్‌రెయిల్స్ బిగించి, హెడ్‌లైట్లు పెట్టి, ఆల్కో చప్పుడున్న లోక్‌సౌండ్ డీకోడర్ వేసివ్వాలి. ఒప్పందం అది. డీకోడర్‌కే 14,000 లెక్క కట్టాడు. అడ్వాన్స్ 15,000 ఇచ్చాను. ఆరు వారాలన్నవాడు నాలుగు నెలలు తిప్పాడు. సరే, చేతిపని కదా, ఆలస్యం అవుతుందిలే అని ఓపిక పట్టాను.

ఒకరోజు రాత్రి వాట్సాప్‌లో ఐదు ఫోటోలు వచ్చాయి. "అన్నా, అయిపోయింది, చూడండి." నిజంగానే కళ్లు చెదిరాయి. ఐదూ ఒకే వైపు నుంచి తీసినవని, అన్నీ ఒకే దూరం నుంచి తీసినవని అప్పుడు నాకు తట్టలేదు. ఆ రాత్రే మిగతా 13,000 యూపీఐలో కొట్టేశాను. దయచేసి ఈ ఒక్క పని మీరు చేయకండి.

పార్సిల్ వచ్చిన రోజు సాయంత్రం మల్కాజ్‌గిరిలో మా ఇంట్లోనే పట్టాలు పరిచి ఇంజిన్ పెట్టాను. బాపుని పిలిచి కుర్చీ వేశాను. డీకోడర్ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ బటన్ నొక్కితే చప్పుడు మొదలైంది. బాపు కళ్లు మూసుకుని విన్నాడు. నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. కాసేపయ్యాక కళ్లు తెరిచి, "గిది ఆల్కో కాదు బిడ్డా. ఈఎండీ" అన్నాడు.

ఆయన చెవి తప్పదు. ఆల్కో 251 ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. ఐడిల్‌లో ఉన్నప్పుడు ఒక్కో దెబ్బ విడివిడిగా, బరువుగా, గుండె కొట్టుకున్నట్టు వినిపిస్తుంది. ఈఎండీ ఇంకో అమెరికా కంపెనీ, దాని ఇంజిన్ టూ స్ట్రోక్. డబ్ల్యూడీజీ-4 గూడ్స్ ఇంజిన్ దగ్గర నిలబడితే వినపడే ఆ ఎడతెగని గుంయ్‌మనే మోత దానిది. రెండూ రైలింజిన్లే అయినా డప్పుకి, సన్నాయికి ఉన్నంత తేడా. 14,000 నేను పెట్టింది ఆ చప్పుడు కోసమే.

మరుసటి రోజు ఇంజిన్‌ని ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ సెట్టింగులు చదివే, మార్చే పట్టా) మీద పెట్టి సీవీ 8 అనే సెట్టింగ్ చదివాను. ఇది ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలి, రెండు నిమిషాల పని. డీసీసీ (పట్టాల మీదుగా డిజిటల్ ఆదేశాలతో ఇంజిన్ నడిపే పద్ధతి) డీకోడర్ ఏదైనా సీవీ 8లో దాన్ని చేసిన కంపెనీ నంబర్ ఉంటుంది. లోక్‌సౌండ్ తయారు చేసే ఈఎస్‌యూ నంబర్ 151. నా ఇంజిన్‌లో 151 రాలేదు. అనుమానంతో ఇంకో రెండుసార్లు చదివాను, మూడుసార్లూ ఒకటే వచ్చింది, 151 కాదు. లోక్‌సౌండ్ డబ్బు తీసుకుని వేరే చవకది పెట్టాడన్నమాట. అందులో ఉన్న చప్పుడు ఈఎండీది, దాన్ని మార్చే దారి లేదు.

అప్పుడు బాడీ విప్పాను. బాపు పక్కనే టార్చి పట్టుకుని కూర్చున్నాడు. డీకోడర్ వైర్ల రంగులు మీకు తెలిసే ఉంటాయి. ఎరుపు, నలుపు పట్టాల నుంచి కరెంటు తీసుకునేవి, నారింజ, బూడిద రంగువి మోటార్‌కి వెళ్లేవి. మోటార్ వైపు వెళ్లే రెండూ చాసిస్ లోహానికి ఎక్కడా తగలకూడదు, ఎందుకంటే చాలా ఇంజిన్లలో ఆ లోహమే పట్టాల కరెంటు మోస్తుంది. తగిలిందంటే డీకోడర్ మాడిపోతుంది. నా ఇంజిన్‌లో బూడిద వైర్ అతుకు బోసిగా ఉంది. దానిమీద చుట్టిన మామూలు టేపు వేడికి జిగురు కరిగి జారిపోయింది. అతుక్కీ చాసిస్‌కీ మధ్య గోరు మందం ఖాళీ కూడా లేదు. ఇంకో గంట నడిపి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. బాపు టార్చి ఆ అతుకు మీదే ఉంచి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్లు వైరింగ్ చూసిన మనిషి.

స్పీకర్‌ని డబ్బా లేకుండా ఊరికే వేలాడదీశాడు. చుట్టూ మూసిన చిన్న గది లేకపోతే అంత చిన్న స్పీకర్‌కి బరువైన శబ్దమే రాదు. దానికి చోటు కోసం చాసిస్ మీది లోహపు బరువు తీసేసి, ఆ సంగతి నాకు మాట మాత్రం చెప్పలేదు. ఎనిమిది బోగీలు లాగిన ఇంజిన్ ఇప్పుడు నాలుగింటికే చక్రాలు జారుతోంది. ఆ బరువు తిరిగివ్వమంటే పారేశానన్నాడు. హెడ్‌లైట్ ఎల్‌ఈడీకి వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాల్సిన చోట 220 ఓమ్‌లది పెట్టాడు, రెండో రోజుకే అది ఆరిపోయింది. కోఠి గుజరాతీ గల్లీలో రూపాయో రెండు రూపాయలో పెడితే దొరికే వస్తువది.

ఇక బయటి పని. ఫోటోల్లో కనపడని రెండో వైపు నంబర్‌లో చివరి రెండంకెలు తారుమారయ్యాయి. బాపు వేలితో ఆ అంకెల మీద రాసి చూసి ఊరుకున్నాడు. డెకాల్స్ చుట్టూ వెండి పొరలా మెరుపు ఉంది. నున్నగా మెరిసే వార్నిష్ పూత వెయ్యకుండా గరుకు రంగు మీదే అతికిస్తే కింద గాలి చిక్కుకుని అట్లా అవుతుంది. ప్రింట్ తీసిన రెజిన్‌ని సరిగ్గా కడిగి వెలుతుర్లో గట్టిపరచకుండానే రంగేశాడు. మూడు వారాలైనా క్యాబ్ దగ్గర వేలు పెడితే జిగురుగా తగులుతుంది, మూలల్లో పొర లేస్తోంది. పైకప్పు మీద తెల్లటి మసక ఉంది. వాన పడుతున్నప్పుడు, గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు స్ప్రే చేస్తే వచ్చేదే అది. ఆల్కో నల్లపొగకి పేరుమోసిన ఇంజిన్ కదా, ఆ మసి పొగగొట్టం చుట్టూ ఉండాలి. ఇతను ఇంజిన్ అంతా నలుపు చల్లేశాడు.

హ్యాండ్‌రెయిల్స్‌కి వాడింది ఒక మిల్లీమీటర్ రాగి తీగ. మన స్కేల్ 1:87. అంటే నిజం ఇంజిన్ మీద 87 మిల్లీమీటర్ల లావు గొట్టం పట్టుకుని మెట్లెక్కాలి. అది పిడికిట్లో పట్టదు. 0.4 మిల్లీమీటర్ ఇత్తడి తీగ వేస్తానని మాటిచ్చిన మెసేజ్ నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది.

ఫోన్ చేస్తే అతను చెప్పిన జవాబు మీకు కూడా చెప్తాడు, అందుకే రాస్తున్నాను. "అన్నా, హెచ్‌ఓలో పట్టాల వెడల్పే తప్పు కదా, మిగతాది ఎవరు చూస్తారు?" నిజమే, మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు, ఈ స్కేల్‌లో 19 మిల్లీమీటర్ల పైన రావాలి, మనం నడిపేది 16.5 మీద. అది మనందరం తెలిసి ఒప్పుకున్న సర్దుబాటు. నంబర్ తప్పు రాయడం, బోసి వైర్ వదిలేయడం, ఒక డీకోడర్ పేరు చెప్పి ఇంకోటి పెట్టడం సర్దుబాటు కాదు. ఆ మాట అన్నాక నా నంబర్ బ్లాక్ చేశాడు.

ఎవరికైనా ఇంజిన్ ఇచ్చేముందు డీకోడర్ మీరే కొని సీల్ విప్పకుండా ఇవ్వండి. కూలీ వేరు, వస్తువుల ఖర్చు వేరుగా రాయించుకోండి. ఫోన్లో మాట్లాడుకున్నదంతా మళ్లీ వాట్సాప్‌లో పెట్టి అవునని జవాబు తెప్పించుకోండి, రేపు మీకు సాక్ష్యం అదే. ప్రైమర్ అయ్యాక ఒకసారి, డెకాల్స్‌కి ముందు ఒకసారి, వైరింగ్ అయ్యాక బాడీ మూయకముందు ఒకసారి ఫోటోలు అడగండి, రెండు వైపులా. కుదిరితే మనిషే వెళ్లి చూడాలి. ఒకే ఊళ్లో ఉండి కూడా నేను వెళ్లకపోవడం నా తప్పే. కళ్లముందు సీవీ 8 చదివించి, కనీసం అరగంట బోగీలతో నడిపించి, ఆ తర్వాతే బ్యాలెన్స్ ఇవ్వండి. ఇట్లా అడిగితే ముఖం మాడ్చుకునేవాడికి ఇంజిన్ ఇవ్వకపోవడమే మేలు.

ఇప్పటికే ఇట్లా నష్టపోయినవాళ్లు ఊరుకోకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. నేను చేశాను. తేలకపోతే 2019 చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కట్టిన వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి.

ఇంజిన్ పని ఇప్పుడు బాపు చేతికి వచ్చింది. వైర్లన్నీ తీసేసి, ప్రతి అతుక్కీ ష్రింక్ ట్యూబ్ వేసి మళ్లీ కలుపుతున్నాడు. కళ్లద్దాల మీద ఇంకో భూతద్దం పెట్టుకుని రోజుకి ఒక గంట కూర్చుంటున్నాడు. రంగు గీకే పని నాది. ఎవరిదగ్గరైనా ఈ మధ్య పని చేయించిన ఇంజిన్ ఉండి అనుమానంగా ఉంటే ఆదివారం పూట మల్కాజ్‌గిరి తీసుకురండి. ప్రోగ్రామింగ్ ట్రాక్ బల్ల మీదే ఉంటుంది, సీవీ 8 చదివి, బాడీ విప్పి చూద్దాం. చప్పుడు ఏ ఇంజిన్‌దో బాపు చెప్తాడు.