ముగ్గురు సూపరింటెండెంట్ల కాలంలో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి: దీర్ఘకాలిక రోగి సమీక్ష

రుమటాయిడ్ కీళ్లవాతానికి దశాబ్దానికి పైగా ఒకే ప్రభుత్వ బోధనాసుపత్రిలో చికిత్స తీసుకుంటున్నాను. ఈ జబ్బుకు ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు వాడేవారు ఎముక మజ్జ, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడం లేదని నిర్ధారించుకోవడానికి కొన్ని నెలలకొకసారి రక్తపరీక్షలు చేయించుకోక తప్పదు కాబట్టి ఓపీ కౌంటరు, రక్తం తీసే గది, రిపోర్టులిచ్చే కిటికీ, డాక్టరు గది, మందుల కౌంటరు అన్నీ నాకు బాగా పరిచయమైన చోట్లే. మధ్యలో మోకాలి కీలు మార్పిడి కోసం వార్డులో కూడా ఉన్నాను. ఈ కాలంలో సూపరింటెండెంటు కుర్చీలో ముగ్గురు కూర్చున్నారు. వైద్యుల నైపుణ్యం గురించి నాకు మొదటినుంచీ ఫిర్యాదు లేదు. ఆ నైపుణ్యం రోగిదాకా చేరే దారిని ఎవరు ఎంత చక్కబరిచారు, వారు వెళ్లిపోయాక అందులో ఎంత మిగిలింది అన్నదే ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నది.

మొదటి సూపరింటెండెంటు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఆయన హఠాత్తు తనిఖీలకు పేరుపడ్డారు. గోడలకు రంగులు వేయించారు, బయోమెట్రిక్ హాజరు పెట్టించారు, సందర్శకులకు పాసులు తెచ్చారు. తనిఖీ హఠాత్తుగా జరిగేదని ఆయన నమ్మేవారు కానీ, ఆయన తన గది దాటకముందే వార్డుల్లో నేల తుడవడం మొదలయ్యేది. బదిలీ అయిన కొద్ది వారాల్లోనే పాసులు అడిగేవారు లేకపోయారు. అయితే ఆయన చేసిన ఒక చిన్న పని నేటికీ నిలిచి ఉంది: చక్రాల కుర్చీలకు, స్ట్రెచర్లకు నంబర్లు వేయించి, ప్రవేశద్వారం దగ్గర ఒక ఉద్యోగికి వాటిని అప్పగించి, తీసుకెళ్లేటప్పుడు రిజిస్టర్లో సంతకం చేయించే ఏర్పాటు చేశారు. అంతకుముందు మోకాళ్లు వాచి నడవలేని రోజున కుర్చీ కోసం నా వెంట వచ్చినవారు అంతస్తులన్నీ వెతకవలసి వచ్చేది. సంతకం పెట్టినవాడు కుర్చీని తిరిగి అప్పగించవలసిందే కాబట్టి ఈ ఏర్పాటు నడవడానికి ఎవరి తనిఖీ అవసరం లేకపోయింది.

రెండవవారు వచ్చినప్పుడు సిబ్బందిలో పెద్ద ఉత్సాహం కనబడలేదు. ఆమె వార్డుల్లో కన్నా ఓపీ ఆవరణలో, అదీ రోగుల బెంచీల మీద ఎక్కువసేపు కూర్చునేవారు. ఆ కాలం నాటి ఓపీ పద్ధతిని తలచుకుంటే ఆమె ఏమి చూస్తూ కూర్చునేవారో అర్థమవుతుంది. అందరినీ ఉదయం ఎనిమిదింటికే రమ్మనేవారు. డాక్టర్లేమో వార్డు రౌండ్స్ ముగించుకొని పది దాటాక ఓపీకి వచ్చేవారు. అంటే రోగుల రద్దీలో సగం రోగుల వల్ల కాక, ఆసుపత్రి తానే అందరినీ ఒకే వేళకు పిలవడం వల్ల ఏర్పడినదే. ఇది కొత్తగా కనుగొనవలసిన విషయం కాదు. 1952లోనే బ్రిటన్‌లో నార్మన్ బెయిలీ అనే గణాంక శాస్త్రవేత్త ఆసుపత్రి ఓపీ వరుసలను లెక్కగట్టి, తలుపులు తెరిచే వేళకు ఇద్దరు రోగులను మాత్రం పిలిచి, తక్కినవారిని ఒక్కొక్కరికి పట్టే సగటు సమయం చొప్పున ఎడం పాటించి రమ్మంటే డాక్టరు ఖాళీగా కూర్చోరు, రోగీ గంటల తరబడి నిరీక్షించనక్కర్లేదని చూపారు. దానికొక షరతుంది: డాక్టరు వేళకు రావాలి.

ఆమె ముందు ఆ షరతును తీర్చారు. ఓపీ ఉన్న రోజున ఆ యూనిట్ వార్డు రౌండ్స్ బాధ్యతను మరో బృందానికి మార్చారు. ఆ తరువాతే పాత రోగుల చీటీల మీద గంట రాయించడం మొదలుపెట్టారు. కొత్తవారికి ఉదయపు మొదటి భాగాన్ని విడిచిపెట్టారు. రోగులు దీన్ని వెంటనే నమ్మలేదు. పదకొండు గంటలని రాసిన చీటీ చేతిలో ఉన్నా ఎనిమిదింటికే వచ్చి, పేరు పిలుస్తారేమోనని తలుపు దగ్గర నిలబడేవారు, వారిలో నేనూ ఒకణ్ణి. ముందుగా వచ్చినంత మాత్రాన ముందుగా పిలవడం లేదని, ఆలస్యంగా వచ్చినవారి వంతు పోవడం లేదని కొన్ని నెలలపాటు కళ్లారా చూశాక గాని బెంచీలు ఖాళీ కాలేదు. ఈ ఓపిక పట్టే దశలోనే చాలా సంస్కరణలు వెనక్కి పోతాయని నా అభిప్రాయం. ఆమె ఆ నెలల్లో పద్ధతిని మార్చలేదు.

రిపోర్టుల విషయం ఇంకా ముఖ్యమైనది. అంతకుముందు రక్తం ఇవ్వడానికి ఒకరోజు, రిపోర్టు తీసుకోవడానికి మరొకరోజు, దాన్ని డాక్టరుకు చూపడానికి వేరొకరోజు రావలసి వచ్చేది. ఒక విభాగం నుంచి మరో విభాగానికి కాగితాలు మోసే పనివాడు రోగే. ఆమె వచ్చాక రక్తం ఇచ్చిన తరువాత రిపోర్టు నేరుగా కేస్ ఫైలులోకి చేరి, మనం డాక్టరు ముందు కూర్చునే వేళకు అక్కడ సిద్ధంగా ఉండేది. దీనికోసం కొత్త యంత్రమేదీ కొన్నట్టు నాకు కనబడలేదు. మధ్యాహ్నం ల్యాబ్ నుంచి రిపోర్టులు తెచ్చి ఫైళ్లలో పెట్టే పని ఒకరికి అప్పగించారు, అంతే. రోజుకూలి మీద బతికే రోగికి ఆసుపత్రికి రావలసిన రోజు ఒకటి తగ్గితే ఒకరోజు కూలి మిగిలినట్టే. మందు మానేసినవారిలో చాలామంది మందు పడక మానేసినవారు కారని, ఇన్నిసార్లు తిరగలేక మానేసినవారని పక్క బెంచీల మీద మాటల్లో ఎన్నోసార్లు విన్నాను.

ఆమె హయాంలో జరిగిన అన్ని మార్పుల్లోనూ నేను అత్యుత్తమమని భావించేది మందుల కౌంటరులోని ఒక రబ్బరు ముద్ర. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవాలి. దాన్ని పొరబాటున రోజూ వేసుకుంటే నోరు పుళ్లుపడి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికే వస్తుంది. పాతరోజుల్లో కౌంటరులో మాత్రలను కత్తిరించి పొట్లంలో పెట్టి, ‘ఇది వారానికి, అది రోజూ’ అని వెనకనున్నవారి తోపులాటలో ఒక్క మాట చెప్పి పంపేవారు. ఇప్పుడు ఈ మందు కవరు మీద ‘వారానికి ఒక్కరోజు మాత్రమే’ అన్న ముద్ర వేసి, కింద ఏ రోజో చేత్తో రాస్తారు. దాని దుష్ప్రభావాలను తగ్గించడానికి ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌కు వేరే కవరు ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వాడకంలో జరిగే హానిని తగ్గించడం కోసం ప్రపంచవ్యాప్త కార్యక్రమం ప్రకటించింది. దాని గురించి గోడపత్రికలు ఈ ఆసుపత్రిలోనూ అతికించారు. చదవడం రాని రోగికి పనికివచ్చింది మాత్రం గోడపత్రిక కాదు, ఇంట్లో పిల్లలు చదివి చెప్పగలిగిన ఆ కవరు. సూపరింటెండెంట్లు మారినా ఆ ముద్ర మారలేదు.

అన్నీ అలా నిలవలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రవేశపెట్టిన శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్టులో 19 అంశాలుంటాయి. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని అమలుచేశాక శస్త్రచికిత్స అనంతర సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ఒక అధ్యయనం వెలువడింది. అదే తరహా చెక్‌లిస్టును కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు తప్పనిసరి చేసుకున్నాక చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదని 2014లో మరో అధ్యయనం తేల్చింది. ఈ రెండు ఫలితాలకూ పొంతన ఎలా కుదురుతుందో నాకు నా రెండు శస్త్రచికిత్సల వల్ల కొంత తెలిసింది. రెండవవారి కాలంలో, మోకాలి శస్త్రచికిత్స రోజున మత్తు ఇవ్వకముందు థియేటర్ నర్సు నా పేరు, ఏ మోకాలు, ఏ మందులు పడవు అని ఒక్కొక్కటే అడిగి, నా జవాబును కేస్ షీటుతో సరిచూసి, మోకాలి మీద గీసిన గుర్తును కూడా చూసి అప్పుడు టిక్కు పెట్టింది. కొన్నేళ్ల తరువాత, మూడవ సూపరింటెండెంటు కాలంలో, మణికట్టు దగ్గర నరం మీద ఒత్తిడి తీయడానికి చిన్న ఆపరేషన్ కోసం వెళ్లేసరికి అదే కాగితం, అవే గళ్లు, నన్ను లోపలికి తీసుకువెళ్లకముందే అన్నింటికీ టిక్కులు పడి ఉన్నాయి. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ నన్ను ఏ చెయ్యి అని ఎవరూ అడగలేదు.

మూడవవారిని తక్కువచేసి మాట్లాడటం న్యాయం కాదు, ఆయన తెచ్చిన క్యాజువాలిటీ మార్పు వల్ల నేనే స్వయంగా మేలు పొందాను. ఇంతకుముందు అక్కడ గట్టిగా అరిచినవారి బంధువును ముందు చూసేవారు. ఇప్పుడు లోపలికి అడుగుపెట్టగానే ఒక నర్సు నాడి, బీపీ, ఆక్సిజన్, జ్వరం చూసి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ఒక పట్టీ కడుతుంది. ఒకసారి నాకు జ్వరం మాత్రమే వచ్చి వెళ్లాను. చూడటానికి అంత ప్రమాదంగా ఏమీ లేదు. ఏ మందులు వాడుతున్నారని ఆమె అడిగి, మెథోట్రెక్సేట్ పేరు వినగానే పసుపు పట్టీ కట్టి వెంటనే రక్తం తీయించింది, ఎందుకంటే రోగనిరోధక శక్తిని తగ్గించే మందు వాడేవారికి వచ్చే జ్వరాన్ని మామూలు జ్వరంగా వదిలేయకూడదు. ఫోన్‌లో ఓపీ టోకెన్, రిపోర్టు సిద్ధమైనట్టు సందేశం కూడా ఆయన తెచ్చినవే, రెండూ బాగా పనిచేస్తున్నాయి. స్మార్ట్‌ఫోన్ లేనివారి వరుస మాత్రం కౌంటర్లు తగ్గడం వల్ల మునుపటికన్నా పొడవైంది.

నాకు నచ్చనిది ఆయనకు అంకెల మీదున్న అతినమ్మకం. ఓపీ ఆవరణలో ఇప్పుడు పెద్ద తెర మీద సగటు నిరీక్షణ సమయం కనబడుతుంది, అది నిజంగానే తక్కువగా ఉంటుంది. అయితే ఆ గడియారం టోకెన్ అచ్చయిన క్షణం నుంచి మొదలవుతుంది. టోకెన్ కోసం నిలబడ్డ వరుస ఆ లెక్కలోకి రాదు. కొలిచేదాన్ని చక్కబరచి కొలవనిదాన్ని వదిలేయడం ఒక్క ఈ ఆసుపత్రి లక్షణమే కాదు. ఇంగ్లండ్‌లో అత్యవసర విభాగాల నుంచి రోగులను నాలుగు గంటల్లోపు పంపించాలన్న లక్ష్యం పెట్టాక, చాలామంది సరిగ్గా ఆ గడువు ముగిసే చివరి నిమిషాల్లోనే బయటికి కదులుతున్నట్టు పరిశోధకులు గమనించారు. ఆ దేశంలోనే మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రి వైఫల్యాల మీద 2013లో వచ్చిన విచారణ నివేదిక 290 సిఫారసులు చేసింది. పాలకవర్గం లక్ష్యాలు, ఆర్థిక లెక్కల మీదే దృష్టి పెట్టి, రోగులు, వారి కుటుంబాలు చెబుతున్నదాన్ని వినలేదన్నది అందులోని ముఖ్యమైన విమర్శ. ఇక్కడ కూడా డిశ్చార్జి తరువాత నక్షత్రాలు అడిగే సందేశం వస్తుంది. ఫోలిక్ యాసిడ్ కౌంటరులో లేదని నేను రాస్తే, మరునాడే ఫిర్యాదు పరిష్కారమైందని జవాబు వచ్చింది. మందు మాత్రం రాలేదు.

ముగ్గురిలో ఏ ఒక్కరూ చేయిపెట్టనిది డిశ్చార్జి వ్యవహారం. ఇంటికి వెళ్లవచ్చని ఉదయం రౌండ్స్‌లో చెబుతారు. సమ్మరీ రాసే హౌస్ సర్జన్ థియేటర్‌లో ఉంటారు, మందులు కౌంటరు నుంచి రావాలి, గుమస్తా సంతకం కావాలి. మంచం ఖాళీ అయ్యేసరికి సాయంత్రమవుతుంది. అప్పటిదాకా క్యాజువాలిటీలో చేరవలసినవారు స్ట్రెచర్ల మీదే ఉంటారు. సగటున 85 శాతానికి మించి మంచాలు నిండి ఉంటే రోగిని చేర్చుకోలేని పరిస్థితి ఏర్పడటం మొదలవుతుందని, 90 దాటితే అది తరచూ వస్తుందని 1999లో బ్రిటన్‌లో ఒక అధ్యయనం చూపింది. మా ఆసుపత్రిలో ఏ వార్డులోనూ మంచం ఖాళీగా ఉండటం నేను చూడలేదు. ఇలాంటి చోట ప్రతి మంచం మీద వృథా అయ్యే మధ్యాహ్నం చాలా విలువైనది.

దీనికి ఎవరూ పూనుకోకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. సమ్మరీ యూనిట్‌ది, మందులు ఫార్మసీవి, బిల్లు కార్యాలయానిది, శుభ్రం చేయడం కాంట్రాక్టు సంస్థది. అందరినీ ఒకేసారి కదిలించాలంటే సూపరింటెండెంటుకు అధికారంతోపాటు వ్యవధి కూడా ఉండాలి. ఈ పదవికి వచ్చేవారు సాధారణంగా పదవీ విరమణకు దగ్గరపడిన ప్రొఫెసర్లు, పాఠాలు చెబుతూ, తమ విభాగం చూసుకుంటూ పరిపాలన కూడా చేస్తారు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యసేవల నిర్వహణ మీద 1983లో వచ్చిన గ్రిఫిత్స్ నివేదిక, ఫ్లారెన్స్ నైటింగేల్ ఇప్పుడు దీపం పట్టుకొని వరండాల్లో తిరిగితే బాధ్యుడెవరా అని వెతుక్కోవలసి వస్తుందని చమత్కరించింది. డిశ్చార్జి కాగితాలు పట్టుకొని తిరిగే అటెండెంటు పరిస్థితి నేటికీ అదే.

పరిష్కారం మాత్రం ఈ కప్పు కిందే ఉంది. నేను మోకాలి ఆపరేషన్ తరువాత ఉన్న వార్డులో హెడ్ సిస్టరు సాయంత్రం రౌండ్స్ అయ్యాక, రేపు ఎవరెవరు వెళ్లగలరని డ్యూటీ డాక్టరును అడిగి, వారి సమ్మరీలు రాత్రే రాయించి, మందుల చీటీలు ముందే కిందికి పంపేది. మరునాడు పదకొండింటికల్లా ఆ మంచాల మీద కొత్త దుప్పట్లు పరిచేవారు. పై నుంచి ఎవరూ ఆదేశించకుండా ఆమె తనంతట తాను చేసిన ఏర్పాటు అది. ఈమధ్య మోకాలి పరీక్షకు వెళ్లినప్పుడు అడిగితే ఆ వార్డులో ఇంకా నడుస్తోందన్నారు. పక్క వార్డులో మాత్రం డిశ్చార్జి ఇప్పటికీ సాయంత్రమే.