టాయ్ హాలర్‌కి ఏ హిచ్ మేలు?

ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే హిచ్‌గా ఈక్వలైజరా, బ్లూ ఆక్సా, లేక డబ్బు పోతే పోయిందని ప్రోప్రైడ్‌కి వెళ్ళిపోవాలా? డాలస్ వైపు టాయ్ హాలర్ (వెనక బండి పెట్టుకునే గరాజ్ ఉన్న ట్రైలర్) కొన్న మనవాళ్ళందరూ వరసపెట్టి ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నా. మామూలు ట్రావెల్ ట్రైలర్ అయితే ఈ మూడింట్లో ఏది కొన్నా సరిగ్గా బిగిస్తే చాలనేవాణ్ణి. టాయ్ హాలర్ అలా కాదు, దాని టంగ్ వెయిట్, అంటే ట్రైలర్ ముందు కొస ట్రక్కు మీద మోపే బరువు, ఒకచోట నిలవదు. హిచ్ ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది అదే, స్వే (ట్రైలర్ పక్కలకి ఊగడం) కంట్రోల్ గురించి కంపెనీలు చెప్పుకునే గొప్పలు ఆ తర్వాతే.

ఒక ఉదాహరణ లెక్క వేస్తాను. ఖాళీ ట్రైలర్ 7,000 పౌండ్లు, టంగ్ మీద 1,050, అంటే 15 శాతం అనుకుందాం. గరాజ్ ఖాళీగా ఉన్నప్పుడు టాయ్ హాలర్లకి ముందు బరువు ఎక్కువగానే ఉంటుంది, వెనక బండి ఎక్కుతుందని తెలిసే యాక్సిళ్ళని వెనక్కి జరిపి కడతారు. ఇప్పుడు 1,500 పౌండ్ల సైడ్ బై సైడ్‌ని (ఇసుకలో, మట్టిలో నడిపే చిన్న బండి) గరాజ్‌లోకి ఎక్కించండి. దాని బరువు యాక్సిళ్ళ మధ్య నుంచి 6 అడుగులు వెనక పడిందనుకోండి, కప్లర్ (హిచ్‌కి తగిలే ట్రైలర్ ముందు కొస) నుంచి యాక్సిళ్ళకి 20 అడుగులు. 1,500ని 6తో గుణించి 20తో భాగిస్తే 450. టంగ్ మీద నుంచి 450 పౌండ్లు లేచిపోయాయన్నమాట. మొత్తం బరువు 8,500, టంగ్ మీద 600, అంటే 7 శాతం. ఎద్దుబండికి వెనక బరువు ఎక్కువైతే కాడి మెడ మీద నుంచి లేస్తుంది చూడండి, అదే సంగతి ఇక్కడ హైవే మీద, ఓక్లహోమా పక్కగాలిలో జరుగుతుంది. 10 శాతం కిందికి వెళ్ళిన ట్రైలర్ ఊగే ప్రమాదం ఎక్కువ, హిచ్ ఒక్కటే దానికి మందు కాదు.

మందు ఉన్నది సర్దుకోవడంలోనే. 100 గాలన్ల నీళ్ళు దాదాపు 834 పౌండ్లు. ట్యాంకు యాక్సిళ్ళకి 4 అడుగులు ముందుంటే టంగ్ మీదికి 167 తిరిగి వస్తుంది. పనిముట్లు, కుర్చీలు, సరుకులు అన్నీ కలిపి 300 పౌండ్లు ముందు స్టోరేజ్‌లో, యాక్సిళ్ళకి 14 అడుగుల ముందు పెడితే ఇంకో 210. ఇప్పుడు టంగ్ మీద 977, మొత్తం 9,634, అంటే 10 శాతం దాటింది, బతికిపోయాం. కొన్ని మోడళ్ళలో నీళ్ళ ట్యాంకు యాక్సిళ్ళకి వెనకే ఉంటుంది, అక్కడ నీళ్ళు నింపితే సంగతి ఇంకా చెడుతుంది కాబట్టి కొనే ముందే కిందికి వంగి చూసుకోండి. ఇక అదే సర్దుడుతో, నీళ్ళతో సహా, సైడ్ బై సైడ్ ఇంట్లో వదిలేసి పిల్లల్ని తీసుకుని పార్కుకి బయల్దేరితే టంగ్ మీద 1,427. ఒకే ట్రైలర్‌కి ఒక వారం 977, ఇంకో వారం 1,427! రెండోది చాలా ఎఫ్-150 లాంటి హాఫ్ టన్ను ట్రక్కులకి పేలోడ్ (ట్రక్కు మీద మోయగల బరువు) స్టిక్కర్ మీది అంకె దగ్గరికి వచ్చేసే బరువు. అలాంటప్పుడు నీళ్ళు పార్కుకి వెళ్ళాక నింపుకోవడం మేలు.

కాబట్టి నా ప్రశ్న ఇది: ఈ రెండు బరువులకీ హిచ్‌ని ఎంత సులువుగా మార్చుకోవచ్చు? ఈ హిచ్‌ల స్ప్రింగు బార్లు టంగ్ బరువులో కొంత ట్రక్కు ముందు చక్రాలకీ ట్రైలర్ యాక్సిళ్ళకీ పంచుతాయి, అందుకే బరువు మారితే వాటి బిగువు మార్చాలి.

ఈక్వలైజర్ గట్టి సరుకు, దాని మీద నాకు గౌరవమే. నాలుగు చోట్ల రాపిడితో స్వేని పట్టి ఉంచుతుంది, రివర్స్ చేసేటప్పుడు ఏదీ ఊడదీయక్కర్లేదు, మలుపుల్లో కీచుమంటుంది కానీ దానికి అలవాటు పడిపోతాం. టంగ్ వెయిట్ రేటింగుల్లో 1,000, 1,200, 1,400 అన్నీ దొరుకుతాయి. ఒక్కసారి సెట్ చేసి ఏడాది పొడుగునా అదే బరువు లాగేవాళ్ళకి కళ్ళు మూసుకుని ఇదే చెప్తాను. మన కేసులో మాత్రం బరువు మారిందంటే ఫ్రేమ్ మీద బార్లు ఆనే ఎల్-బ్రాకెట్ల బోల్టులు విప్పి ఎత్తు మార్చాలి, లేదా హెడ్‌లో (బార్లు దూరే హిచ్ భాగం) వాషర్లు మార్చి వంపు సరిచేయాలి. పెద్ద రెంచీతో, టార్క్ చూసుకుంటూ చేయాల్సిన పని. శుక్రవారం ఆఫీసు అయ్యాక చీకట్లో బయల్దేరే మనిషి ఆ పని చేస్తాడా? చేయడు, పాత సెట్టింగుతోనే వెళ్ళిపోతాడు. అసలు సమస్య అక్కడే. ఎక్కువ బరువుకి బిగించిన బార్లు తక్కువ టంగ్ వెయిట్ ఉన్నప్పుడు అలాగే ఉంటే ట్రక్కు వెనక చక్రాల మీది బరువుని ఎత్తేస్తాయి, తడి రోడ్డు మీద ఆ వెనక టైర్లకి పట్టు ఉండదు.

బ్లూ ఆక్స్ స్వేప్రోలో బార్ల చివర్లని చైన్లు పట్టుకుంటాయి. ఒక లింకు ఎక్కువ, ఒక లింకు తక్కువ, అంతే మార్పు. ట్రైలర్ జాక్‌తో కప్లర్‌నీ ట్రక్కు వెనక భాగాన్నీ కలిపి పైకి లేపి, లాచ్ తిప్పి, లింకు మార్చి, మళ్ళీ దించడం. బోల్టు ముట్టుకునే పని లేదు. పోయినేడు నేను తీసుకున్నది ఇదే, 1,500 బార్లతో. 1,000 బార్లు 977కి సరిపోతాయి కానీ 1,427కి చాలవు, బార్లని ఎప్పుడూ పెద్ద అంకెకే కొనాలి. అలాగని అవసరానికి రెట్టింపు బార్లు కొంటే అవి వంగవు, గతుకుల్లో ట్రక్కు ఫ్రేమ్‌కీ ట్రైలర్ ముందు భాగానికీ దెబ్బలు తగులుతూ ఉంటాయి.

ప్రోప్రైడ్ 3పీ గురించి రెండో మాట లేదు, స్వేకి దాన్ని మించింది లేదు. హెన్స్లీ యారో అనే హిచ్‌ని రూపొందించిన జిమ్ హెన్స్లీదే ఈ డిజైన్ కూడా. లింకేజీ వల్ల ట్రైలర్ తిరిగే కేంద్రం ట్రక్కు వెనక యాక్సిల్ వైపుకి జరిగినట్టు పనిచేస్తుంది, అందుకే పక్కగాలికి చలించదు. పైగా వెయిట్ డిస్ట్రిబ్యూషన్ (బరువు పంచడం) స్క్రూ జాకులతో, కాబట్టి నేను చెప్పే సర్దుబాటు దీంట్లో ఇంకా సులువు. మరి నేనెందుకు తీసుకోలేదంటే, ధర మూడు వేల డాలర్లు దాటుతుంది, హిచ్ బరువే దాదాపు 200 పౌండ్లు, అది కూడా పేలోడ్‌లోంచే పోతుంది. ఇంకొకటి, స్టింగర్ (ట్రక్కు వైపు ఉండే కడ్డీ) ట్రైలర్ వైపు ఉన్న హిచ్ హెడ్‌లోకి సూటిగా దూరాలి. పేవ్‌మెంట్ మీద పర్వాలేదు, ఓక్లహోమాలోని వేనోకా దగ్గర లిటిల్ సహారాలో ఇసుక క్యాంపులో ట్రక్కు ఒక వంపులో ట్రైలర్ ఇంకో వంపులో ఉన్నప్పుడు అది టెన్షన్ పని. పొడుగు ట్రైలర్, దూరప్రయాణాలు ఎక్కువైతే కొనండి, డబ్బు దండగేమీ కాదు.

ఆండర్సన్ హిచ్ తేలిక, చప్పుడు చేయదు, చిన్న ట్రైలర్‌కి హాయి. కానీ స్టీలు స్ప్రింగు బార్లు లేవు, యురేథేన్ బుషింగులే. 1,400 పౌండ్ల టంగ్‌కి నేనైతే పెట్టను. విడిగా ఫ్రిక్షన్ బార్ తగిలించే పాత రకాలు, రివర్స్ చేసేటప్పుడు ఊడదీసేవి, టాయ్ హాలర్‌కి వద్దు. ఫిఫ్త్ వీల్ (ట్రక్కు బెడ్‌లోనే తగిలించే రకం) టాయ్ హాలర్ అయితే ఈ గొడవే లేదు.

ఏది కొన్నా డీలర్ లాట్‌లో బిగించిన సెట్టింగుని నమ్మకండి, అక్కడ ట్రైలర్ ఖాళీగా ఉంటుంది. క్యాట్ స్కేల్‌కి (ట్రక్ స్టాపుల్లో ఉండే తూకం) వెళ్ళి మూడుసార్లు తూచండి: బార్లు తగిలించి, బార్లు లేకుండా, ట్రక్కు ఒక్కటే. ముందు యాక్సిల్ మీద పోయిన బరువులో ఎంత తిరిగి రావాలో మీ ట్రక్కు మాన్యువల్లో ఉంటుంది. ఇదంతా సైడ్ బై సైడ్‌తో ఒకసారి, లేకుండా ఇంకోసారి చేసి, బ్లూ ఆక్స్ అయితే ఆ రెండు లింకులకీ రెండు రంగుల పెయింటు వేసేయండి.