కోరల్స్‌కు లుగోల్ అయోడిన్: మూడేళ్ళు వాడాక

ముందే చెప్పేస్తా, జబ్బుపడిన కోరల్స్‌ను (పగడాలను) నీళ్ళలో కలిపి ముంచే ఈ మందుకు నా మార్కులు ఐదుకు మూడున్నర. తగ్గిన ఒకటిన్నరలో సగం నా తొందరపాటుకే.

తిరుపతి కొర్లగుంటలో మాది రెండో అంతస్తు. హాల్లో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది. అందులో టోడ్‌స్టూల్ లెదర్, జోవాలు, మష్రూమ్‌లు అనే రకాలు, అన్నీ సాఫ్ట్ కోరల్సే, అంటే మెత్తటి పగడాలు. సున్నపు రాయి కట్టే గట్టి పగడాలు 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. షాపులో లోపలి గదిలోంచి తెచ్చి చూపించినా వద్దనేయండి. నావి చెన్నై కొళత్తూరులో కొని, థర్మాకోల్ పెట్టెలో సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చుకున్నవి.

లుగోల్ అంటే 5 శాతం అయోడిన్, 10 శాతం పొటాషియం అయోడైడ్, మిగతాది నీళ్ళు. 1829 నాటి ఫ్రెంచి డాక్టరు తయారీ. ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట దొరుకుతుంది, ఇద్దరు టిఫిన్ తిన్నంత ఖర్చు.

మొదటిసారి వాడింది జబ్బే లేని కోరల్‌కు. లెదర్ ముడుచుకుని, పైన మైనంలా పొర కట్టింది. నాకు టెన్షన్ పట్టుకుని డిప్ చేసేశా, అంటే లుగోల్ కలిపిన నీళ్ళలో ముంచేశా. తర్వాత తెలిసింది, అది పాము కుబుసం విడిచినట్టు అప్పుడప్పుడూ చేసే పనేనని. కొన్ని రోజులు వదిలేస్తే, నీటి ప్రవాహం బాగుంటే పొర దానంతటదే ఊడిపోతుంది.

అసలు జబ్బు వచ్చింది మే నెలలో. మధ్యాహ్నం కరెంటు పోయింది, నేను ఆఫీసులో ఉన్నా. వచ్చేసరికి నీళ్ళు 31 డిగ్రీలు. రెండు రోజులకు లెదర్ అంచున రూపాయి బిళ్ళంత నల్లమచ్చ, మర్నాటికి దానికి రెండింతలు. తాకితే జారుతోంది. బయటికి తీస్తే సాయంత్రం చేపల మార్కెట్ వాసన.

కొత్త బ్లేడుతో, కుళ్ళు దాటి మంచి కండలోకి ఒక సెంటీమీటరు లోపలికి కోశా. పాత ఐస్‌క్రీం డబ్బాలో లీటరు ట్యాంకు నీళ్ళు, అందులో ఎనిమిది చుక్కలు లుగోల్. పలచటి బ్లాక్ టీ రంగు వస్తుంది. పది నిమిషాలు ఉంచి, వేరే డబ్బాలో ట్యాంకు నీళ్ళతో కడిగి, తిరిగి పెట్టేశా. డిప్ నీళ్ళు మాత్రం తూములోకే. కోసినప్పుడు లెదర్ నీళ్ళలోకి విషాలు వదులుతుంది కాబట్టి ఫిల్టర్‌లో వాటిని పీల్చే కార్బన్ కొత్తది వేశా. తొమ్మిదో రోజుకు కోత మానింది, పాలిప్స్ (కోరల్ మీది చిన్న పువ్వుల్లాంటివి) మళ్ళీ బయటికొచ్చాయి. అయితే ఆ మెప్పులో ఎక్కువ భాగం బ్లేడుదే. కుళ్ళు మిగిలి ఉంటే అయోడిన్ ఎంత పోసినా ఆగదు. తర్వాత ఇంకోసారి కుళ్ళు సగమే కోసి చూశా, ఆగలేదు.

ఆ డబ్బా తూము దగ్గరికి తీసుకెళ్తుంటే గడప ముందు రెండు చుక్కలు పడ్డాయి. శుక్రవారం, అమ్మ బియ్యప్పిండితో ముగ్గు వేసి ఉంది. పడిన చోట ముగ్గు క్షణంలో నల్లటి నీలం అయింది. "ఏమిరా ఇది, ముగ్గు ఇట్లా నల్లబడింది?" అని అమ్మ హడలిపోయింది. పిండిలోని స్టార్చ్‌కు అయోడిన్ తగిలితే అంతే. చేతికి, నేలకు అంటిన పసుపు మరకలు పోవాలంటే విటమిన్ సి బిళ్ళ పొడి చేసి తడిపి రుద్దండి.

ఇక పనికిరాని చోట్లు. జోవాల మీద తెల్లటి చిన్న పొక్కులు లేస్తాయి, జోవా పాక్స్ అంటారు. మూడు సార్లు ముంచా, ఒక గుత్తి మొత్తం పోయింది. జోవాలను తినే నుడిబ్రాంక్‌ల (చిప్ప లేని చిన్న సముద్రపు నత్తల) గుడ్లకు కూడా ఇది ఏమీ చేయదు. గుత్తి అడుగున చుట్టలా అంటుకుని ఉంటాయి, టూత్‌బ్రష్‌తో గీకడమే. వారం తర్వాత మళ్ళీ చూడాలి. గీకేటప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. జోవాల్లో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది, కంట్లో చిందితే ఆసుపత్రికి పరుగే. జోవాలు అంటుకున్న రాళ్ళను శుభ్రం చేద్దామని వేడినీళ్ళలో ఉడికించకండి, ఆవిరి కూడా ప్రమాదమే.

జీనియా అనే సాఫ్ట్ కోరల్‌ను అసలు ముంచకండి, నాది సాయంత్రానికి కరిగిపోయింది.

సీసా విషయానికొస్తే, ముదురు గోధుమరంగు గాజుసీసాలో ఉన్నదే కొనండి, చీకటి అల్మరాలో పెట్టండి. ఎనిమిది నెలలకు నా డ్రాపర్ రబ్బరు గట్టిపడి పగిలింది, అయోడిన్ ఆవిరి తినేసింది. ఇప్పుడు ఒక ఎంఎల్ సిరంజితో 0.4 తీస్తున్నా, ప్రతిసారీ కొత్తది. చుక్కలు లెక్కపెట్టే బాధ కూడా తప్పింది.