లియొంటీన్ ప్రైస్ బిరుదుల జాబితాతో మెట్ ఒపేరా ఆన్ డిమాండ్‌లో రెండు నెలలు

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరా (పొట్టిగా మెట్), అంటే పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకాలు వేసే సంస్థ, నడుపుతున్న 'మెట్ ఒపేరా ఆన్ డిమాండ్' అనే ఇంటర్నెట్ సేవకు నేను రెండు నెలల చందా కట్టాను. ఆ రెండు నెలలనూ దాదాపుగా ఒకే ఒక్క గాయని కోసం ఖర్చు పెట్టాను. ఆమె పేరు లియొంటీన్ ప్రైస్. మన సన్మాన సభల్లో శాలువా కప్పే ముందు వ్యాఖ్యాత ఊపిరి తీసుకోకుండా బిరుదుల పట్టిక చదువుతాడు, వినేవాళ్లకు అందులో ఒక్కటీ గుర్తుండదు. ప్రైస్ గురించి ఎక్కడ చదివినా చివరికి అలాంటి పట్టికే ఎదురవుతుంది: 13 గ్రామీలు, అధ్యక్షుడి చేతుల మీదుగా పతకం, వాషింగ్టన్‌లోని కళాకేంద్రం కెనెడీ సెంటర్ సత్కారం, మరికొన్ని. ఆ జాబితాను పక్కన పెట్టుకుని, అందులోని గౌరవాలకు కారణమైన గొంతును విందామన్న ఉద్దేశంతో ఈ సేవలో చేరాను. కాబట్టి ఈ సమీక్ష ఆ ఒక్క అవసరానికి ఈ సేవ ఎంతవరకు ఉపయోగపడిందో చెబుతుంది. జర్మన్ ఒపేరా స్వరకర్త వాగ్నర్ అభిమానులకు ఈ సమీక్షలో పెద్దగా దొరకదు.

ముందు లెక్కలు. నేను కట్టిన చందా నెలకు 14.99 డాలర్లు. మొదటి వారం ఉచితం. మన రూపాయల్లో ఇది తక్కువేమీ కాదు, దానికి తోడు విదేశీ చెల్లింపు రుసుము అంటూ బ్యాంకు విడిగా కొంత కోసుకుంటుంది. నా మొదటి కార్డు విదేశీ లావాదేవీ అన్న మాట వినగానే మూడుసార్లు తిరస్కరించింది; ఆ బ్యాంకు సహాయ కేంద్రంతో అరగంట మాట్లాడాక కూడా కారణం తేలలేదు, చివరికి మా తమ్ముడి కార్డుతో పని జరిగింది. మీరు చేరదలిస్తే కార్డులో అంతర్జాతీయ చెల్లింపుల మీట తెరిచి ఉందో లేదో ముందే చూసుకోండి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఉన్నాయి, తెలుగు లేదు. ఇటాలియన్ ఒక్క ముక్క రాకపోయినా ఇంగ్లీషు చదవగలిగినవారికి కథ అర్థమవుతుంది.

మెట్ నుంచి టెలివిజన్ ప్రత్యక్ష ప్రసారాలు వరుసగా రావడం 1977లో మొదలైంది. అంతకు ముందువి చాలావరకు శనివారం మధ్యాహ్నపు రేడియో ప్రసారాలే, అంటే వినడానికి మాత్రమే. ప్రైస్ మెట్‌లో అడుగుపెట్టింది 1961లో, వీడ్కోలు పలికింది 1985లో. కాబట్టి ఆమె గొంతు పడుచుదనంలో ఉన్న కాలాన్ని మనం కళ్లు మూసుకుని వినాలి. మెట్ కెమెరా ఆమె దగ్గరకు వచ్చేసరికి ఆమెకు యాభై దాటింది. ఇది సేవ లోపం కాదు, చరిత్ర అలా జరిగింది. కానీ చందా కట్టేవారు ఈ సంగతి తెలుసుకుని కడితే నిరాశ ఉండదు.

ప్రైస్ 1927 ఫిబ్రవరి 10న మిసిసిపీ రాష్ట్రంలోని లారెల్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి కోత మిల్లులో పనిచేసేవాడు, తల్లి మంత్రసాని, చర్చి బృందంలో పాడేది. నల్లవారికి, తెల్లవారికి బళ్లు, బస్సు సీట్లు, నీళ్ల కుళాయిలు వేరుగా ఉన్న రోజులవి. మెట్‌లో మొట్టమొదటిసారి ఒక నల్లజాతి గాయని, మేరియన్ ఆండర్సన్, పాత్ర ధరించి పాడింది 1955 జనవరిలో. అదే నెలలో ఎన్‌బీసీ టెలివిజన్ ప్రైస్‌ను నాయికగా పెట్టి 'టోస్కా' అనే ఒపేరా ప్రసారం చేస్తే, దక్షిణాది స్టేషన్లు కొన్ని దాన్ని చూపడానికి ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఆమె వియన్నాలో పేరున్న వాద్యబృంద నిర్వాహకుడు కరాయన్ నిర్వహణలో పాడి, 1960లో మిలన్‌లోని లా స్కాలాలో 'ఐడా' పాడి, అప్పుడు సొంత దేశపు పెద్ద వేదిక మీదికి వచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు గానీ, ఈమె విషయంలో అది తిరగబడింది.

ఆ వచ్చిన రోజు 1961 జనవరి 27. ఒపేరా ఇటలీ స్వరకర్త వెర్డీ రాసిన 'ఇల్ త్రొవతోరే'. ఇటలీ గాయకుడు ఫ్రాంకో కొరెల్లీకి కూడా మెట్‌లో అదే తొలి రాత్రి. ప్రదర్శన ముగిశాక చప్పట్లు 42 నిమిషాలు సాగాయని ఒపేరా చరిత్రల్లో రాస్తారు. ఆ రాత్రి రికార్డు ఇందులో దొరకదు. వారం తర్వాత, ఫిబ్రవరి 4న జరిగిన రేడియో ప్రసారం దొరుకుతుంది, తారాగణం ఇంచుమించు అదే. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, దీపం ఆర్పి, నాలుగో అంకం విన్నాను. కోట బురుజులో బందీగా ఉన్న ప్రియుణ్ణి తలచుకుంటూ నాయిక లియొనోరా (ప్రైస్ పాత్ర) చీకట్లో ఒంటరిగా పాడే ఘట్టమది. పై స్థాయికి వెళ్లేకొద్దీ చాలామంది గొంతులు సన్నబడి గాజులా మారతాయి. ఈమె గొంతు పైకి పోయేకొద్దీ విచ్చుకుంటుంది, కింది స్థాయిలో మాత్రం పొగ కమ్మినట్టు మసకగా, కొంచెం గరగరగా ఉంటుంది. ఆ రెండూ ఒకే ఊపిరిలో వినిపించడం ఆమె ప్రత్యేకత. పాత రేడియో రికార్డు కాబట్టి వెనక సన్నని హోరు ఉంది, వాద్యబృందం కొంచెం దూరంగా వినిపిస్తుంది. పది నిమిషాల్లో చెవి అలవాటు పడుతుంది. ఇలాంటివి వినే ముందు కథాసారం చదువుకోవడం మంచిది.

ఇక జాబితాలోని పతకాలు. 1964లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆమెకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చాడు. అది ఆ దేశంలో పౌరులకు దక్కే అత్యున్నత గౌరవం. ఆమెకు అప్పటికి 37 ఏళ్లు, మెట్‌లో చేరి నాలుగేళ్లు కూడా కాలేదు. పౌరహక్కుల చట్టం వచ్చింది కూడా ఆ ఏడాది జులైలోనే. ఆ పతకం గొంతుకా, కాలానికా అన్న ప్రశ్న నాకు వచ్చింది. రెంటికీ అనుకుంటాను, అందులో తప్పు పట్టవలసిందీ లేదు. మరుసటి ఏడు వచ్చిన స్పింగార్న్ పతకం నల్లవారి హక్కుల కోసం పోరాడిన ఎన్ఏఏసీపీ సంస్థ ఇచ్చింది. ప్రభుత్వం ఇచ్చిన దానికంటే సొంతవాళ్లు ఇచ్చిన ఈ పతకమే నా దృష్టిలో బరువైనది.

గ్రామీల సంగతి వేరు. 1960 నాటి ఆల్బమ్ మొదలుకొని ఎనభైల మొదటి సంవత్సరాల వరకు ఆమెకు 13 వచ్చాయి, అవి కాక 1989లో జీవన సాఫల్య పురస్కారం. గ్రామీ అనేది రికార్డుకు ఇచ్చే బహుమతి, వేదిక మీద పాడిన రాత్రికి ఇచ్చేది కాదు. స్టూడియోలో ఎన్నిసార్లైనా పాడి మంచిది ఎంచుకోవచ్చు. అందుచేత ఆమె గ్రామీలకు సాక్ష్యం వెతకవలసిన చోటు ఈ సేవ కాదు, ఆమె స్టూడియో ఆల్బములు. మినహాయింపు ఒకటుంది: 1982లో మెరిలిన్ హార్న్‌తో కలిసి మెట్ వేదిక మీద చేసిన కచేరీ. ఆ రికార్డుకు గ్రామీ వచ్చింది. ఇద్దరు గాయనులు ఒకరి గొంతుకు మరొకరు చోటిచ్చుకుంటూ పాడే పద్ధతి వింటే, బహుమతి ఇచ్చినవాళ్లు పొరపాటు పడలేదనిపిస్తుంది.

అన్ని గౌరవాలూ పతకాల రూపంలో రావు, వచ్చినవన్నీ సుఖపెట్టవు. 1966 సెప్టెంబర్ 16న న్యూయార్క్ కళా ప్రాంగణం లింకన్ సెంటర్‌లో మెట్ కొత్త భవనం తెరిచినప్పుడు, ఆ రాత్రి కోసమే అమెరికన్ స్వరకర్త శామ్యూల్ బార్బర్ రాసిన 'ఆంటొనీ అండ్ క్లియోపాత్ర'లో నాయిక పాత్ర ప్రైస్‌కు దక్కింది. గాయనికి అంతకు మించిన ఆహ్వానం ఉండదు. కానీ రంగస్థలం మీద పెట్టిన భారీ సెట్టింగుల బరువుకు తిరిగే వేదిక యంత్రం మొరాయించింది, రిహార్సల్‌లో ఆమె ఒక పిరమిడ్ లోపల చిక్కుకుపోయింది, ప్రదర్శనకు విమర్శకుల మెప్పు దొరకలేదు. బిరుదుల పట్టికలో ఈ రాత్రి 'ప్రారంభోత్సవ నాయిక' అన్న రెండు మాటలుగా మిగిలింది. 1980లో కెనెడీ సెంటర్ సత్కారం, 1985లో మొదటిసారి ఇచ్చిన నేషనల్ మెడల్ ఆఫ్ ఆర్ట్స్, 2008లో ప్రభుత్వ కళాసంస్థ ఎన్ఈఏ ఒపేరాకంటూ పెట్టిన సత్కారం, ఇవన్నీ పండిన వయసులో పెద్దరికానికి వచ్చినవి. వాటి గురించి నేను ఎక్కువ చెప్పను.

ఈ చందా డబ్బు నాకు పూర్తిగా గిట్టుబాటైన చోటు 1985 జనవరి 3 నాటి 'ఐడా'. అది ఒపేరా వేదిక మీద ఆమె వీడ్కోలు, టెలివిజన్‌లో ప్రత్యక్షంగా చూపారు. ఐడా ఈజిప్టు రాజుల దగ్గర దాసిగా బతుకుతున్న ఇతియోపియా రాకుమారి. మూడో అంకంలో, నైలు ఒడ్డున, రాత్రి వేళ, ఇక తన దేశాన్ని మళ్లీ చూడలేనని పాడుతుంది. చివర్లో పై స్థాయి 'సి' స్వరానికి ఎక్కి, అక్కడినుంచి మెల్లగా దిగాలి. యాభై ఏడేళ్ల ప్రైస్ ఆ స్వరం కోసం ఊపిరి కూడగట్టుకోవడం దగ్గరి షాట్‌లో కనిపిస్తుంది. పాట ముగిసింది. చప్పట్లు మొదలయ్యాయి. మూడు నిమిషాలు దాటినా ఆగలేదు. ఆమె తల వంచి నమస్కరించలేదు, పాత్రలోంచి బయటికి రాలేదు, ఐడాగానే నిలబడింది. కానీ ముఖం మాత్రం పాత్ర మాట వినడం లేదు, కళ్లు మూసుకుపోతున్నాయి, పెదవి అదురుతోంది. ఆ మూడు నిమిషాలను నేను నాలుగుసార్లు వెనక్కి జరిపి చూశాను.

నేను తెనాలి వైపు పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాణ్ణి. కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యం ఎత్తి రాగం దించగానే జనం 'వన్స్‌మోర్' అని అరిచేవారు, ఆయన పక్కనే పడి ఉన్న కొడుకు శవాన్ని కాసేపు మరిచి ఆ పద్యమే మళ్లీ పాడేవాడు. మధ్యలో ఫలానావారు నూటపదహార్లు చదివించారని మైకులో వినిపించేది. మా నాన్న దాన్ని గౌరవం అనేవారు, మా మాస్టారు అనాచారం అనేవారు. ప్రైస్ ఆ రాత్రి నిలబడిన తీరు చూశాక, చప్పట్లను తీసుకుంటూనే పాత్రను వదలకపోవడం సాధ్యమేనని మా మాస్టారికి చూపించాలనిపించింది. ఆయన ఇప్పుడు లేరు.

అదే కాలపు మరో వీడియో, 1984 మార్చి నాటి 'లా ఫోర్జా దెల్ దెస్తీనో' కూడా ఇందులో ఉంది. ఒపేరా పొడుగెక్కువ, కథ నమ్మశక్యం కానిది, నాయిక మధ్యలో చాలాసేపు కనిపించదు. ప్రైస్ కోసమే చూసేవారు మొదటి రెండు అంకాలు చూసి, చివర్లో శాంతి కోరుతూ పాడే పాటకు నేరుగా వెళ్లవచ్చు.

సేవ మొత్తంగా ఎలా ఉందంటే, ఫోనులోనూ టీవీలోనూ చూడవచ్చు, కళాకారుల పేరుతో వెతకవచ్చు. ఒక గాయకుడి జీవితాన్ని సంవత్సరాల వరుసలో, ఏ గౌరవం ఎప్పుడు వచ్చిందో చెబుతూ చూపించే ఏర్పాటును నేను కోరుకున్నాను. ఆ పని నేనే నోటుపుస్తకంలో చేసుకున్నాను. ఎడమ పేజీలో పతకాలు, కుడి పేజీలో ప్రదర్శనలు. కుడి పేజీ తొందరగా నిండింది.

ఏడాది చందా 149.99 డాలర్లు, అంటే పది నెలల ధరకు పన్నెండు నెలలు. కేవలం ప్రైస్ కోసమైతే అంత అక్కర్లేదు. ఉచిత వారంలో శుక్రవారం రాత్రి 1961 'త్రొవతోరే' విని, శనివారం 'ఐడా' చూస్తే ముఖ్యమైనవి అందినట్టే. నేను మాత్రం మూడో నెల కూడా కట్టాను. మా తమ్ముడికి కార్డు ఇంకా తిరిగి ఇవ్వలేదు.