కెరటాల మీద కుదురుగా నిలిచే డెక్కు: హైడ్రాలిక్ సస్పెన్షన్ పడవతో ఏడు నెలలు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం అమల్లో ఉండే 61 రోజుల్లోనే విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో పడవల మరమ్మతులన్నీ జోరుగా సాగుతాయి. నిరుడు ఆ రద్దీలోనే నా ఎనిమిది మీటర్ల ఫైబర్ పడవను నేనూ ఒడ్డుకు లాగించి, దాని డెక్కును అడుగుభాగం నుంచి పూర్తిగా విడదీయించి, మధ్యలో నాలుగు హైడ్రాలిక్ సిలిండర్లను పెట్టించాను. ఈ పని చేసింది గాజువాక ఆటోనగర్‌లో పొక్లెయిన్ సిలిండర్లు బాగుచేసే ఒక వర్క్‌షాపు. పడవకు ఇలాంటి అమరిక చేయడం వారికి ఇదే మొదటిసారి కనుక పేరు రాయవద్దని యజమాని కోరారు, ఆయన మాటను మన్నిస్తున్నాను. రుషికొండ, భీమిలి వైపు స్కూబా డైవర్లను తీసుకెళ్లే వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక, ఏడు నెలల వాడకంలో చూసినదంతా తోటి పడవ యజమానులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఈ ఆలోచన మన దగ్గర పుట్టినది కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని డన్స్‌బరోకు చెందిన క్రిస్ హేరింగ్ మొదట కార్ల కోసం కైనెటిక్ అనే పేరుతో చక్రాల సిలిండర్లను ఆయిల్ గొట్టాలతో ఒకదానికొకటి కలిపే పద్ధతిని రూపొందించారు. టయోటా ల్యాండ్ క్రూయిజర్ 200 కారులో వచ్చిన కేడీఎస్ఎస్ అనే సస్పెన్షన్ అమరిక దాని నుంచి ఎదిగినదే. తర్వాత ఆయనే నాటీక్రాఫ్ట్ అనే సంస్థ ద్వారా అదే సూత్రాన్ని పడవలకు తెచ్చారు. మా వర్క్‌షాపువారు చేసినది ఆ సూత్రానికి చాలా సరళమైన రూపం మాత్రమే.

నా పడవకు కింద నీటిలో నడిచే పొడవాటి దోనెలు రెండు ఉంటాయి. ఒక్కో దోనెకు ముందొకటి, వెనకొకటి చొప్పున నిలిపిన సిలిండర్ల మీద డెక్కు కూర్చుంటుంది. ప్రతి సిలిండర్‌లో పిస్టన్‌కు పైనొక గది, కిందొక గది ఉంటాయి. ఎడమ దోనె మీది రెండు సిలిండర్ల కింది గదులను కుడి సిలిండర్ల పై గదులతోనూ, కుడివైపు కింది గదులను ఎడమవైపు పై గదులతోనూ గొట్టాల ద్వారా కలిపారు. ఇక్కడే అసలు కిటుకంతా ఉంది. జనమంతా ఒకే పక్కకు చేరి డెక్కును ఒరిగించబోతే ఒకే గొట్టంలోకి రెండు వైపుల నుంచీ ఆయిల్ తోసుకువచ్చి ఒత్తిడి పెరుగుతుంది కనుక, డెక్కు దోనెల మీద ఒరగకుండా బిగిసి నిలబడుతుంది. అదే కెరటం మూలగా వచ్చి ఎడమ దోనె ముక్కును, కుడి దోనె తోకను ఒకేసారి ఎత్తితే, ముందు సిలిండర్‌లోని ఆయిల్ వెనక దానిలోకి ఏ అడ్డూ లేకుండా జారిపోతుంది, రెండు దోనెలూ దేని దారిన అది ఆడుతుంటే పైన డెక్కు మాత్రం కుదురుగా ఉంటుంది. గొట్టాలకు కలిపిన అక్యుములేటర్లు, అంటే నైట్రోజన్ నింపిన సీసాల్లాంటివి, స్ప్రింగుల పని చేస్తాయి.

ఇంతటి పనికీ ఇంజన్ నుంచి శక్తి తీసుకోనక్కరలేదు, ఆయిల్‌ను కదిలించేది కెరటమే. ఊపు తగ్గించడానికి పడవలో జైరోస్కోప్ అనే బరువైన తిరుగుడు చక్రం పెట్టిస్తే అది వేగం పుంజుకోవడానికే అరగంట పైగా పడుతుంది, తిరిగినంతసేపూ కరెంటు కావాలి. నీటిలోకి రెక్కలు దింపితే అవి పడవను వెనక్కి లాగుతాయి. నా పడవలో విద్యుత్తు వాడేది 12 వోల్టుల చిన్న పంపు ఒక్కటే. డైవర్ల గాలి సిలిండర్లు, సీసపు బరువులు ఒక పక్కకు సర్దినప్పుడు డెక్కును మళ్లీ మట్టానికి తేవడానికి అది ప్రయాణం మొత్తం మీద కొద్ది నిమిషాలు తిరుగుతుంది.

పెట్రోలు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. సిలిండర్లు, ఉక్కు చట్రం కలిసి పడవకు దాదాపు 380 కిలోల బరువు పెరిగింది. సముద్రం నూనెలా పరుచుకున్న రోజుల్లో హార్బర్ నుంచి భీమిలి వెళ్లి రావడానికి ఇదివరకు 38 లీటర్లు పట్టేది, ఇప్పుడు 40 అవుతోంది. కాని మధ్యాహ్నపు గాలికి నీరు చిలికినట్టుండే రోజుల్లో ఇదివరకు ప్రతి దెబ్బకూ వేగం తగ్గించి, మళ్లీ పెంచుకుంటూ వచ్చేసరికి 50 దాటేది, ఇప్పుడు ఒకే వేగంతో సాగిపోతున్నాం కనుక 43, 44తో సరిపోతోంది. ఏడు నెలలుగా పుస్తకంలో రాసుకున్న లెక్కలివి. మన తీరంలో ప్రశాంతమైన రోజులకంటే చిలికిన రోజులే ఎక్కువ కనుక మొత్తం మీద నాకు ఆదాయే కనిపించింది.

మొదటిసారి ఔటర్ హార్బర్ గోడ దాటి, డాల్ఫిన్స్ నోస్ కుడి పక్కన వదిలి బయటికి వచ్చినప్పుడు మా సరంగు చేతిలోని స్టీలు గ్లాసును ఇంజన్ పెట్టె మీద పెట్టాడు. డెక్కు అంచు నుంచి వంగి చూస్తే సిలిండర్ల మెరిసే రాడ్లు జానెడు లేచి జానెడు దిగుతూ, ఆగకుండా పనిచేస్తున్నాయి. గ్లాసులో టీ మాత్రం అంచుదాకా వచ్చి తిరిగి సర్దుకుందే తప్ప ఒక్క చుక్కా ఒలకలేదు. నలభై ఏళ్లుగా సముద్రం మీద ఉన్న మనిషి, ‘కింద బోటు ఎగుర్తంది గానీ బాబూ, పైన మనకేటీ తెలీట్లేదు’ అన్నాడు. మెచ్చుకోలు మాట ఆయన నోట తేలికగా రాదు. డైవర్లు నిలబడే ఫిన్స్ తొడుక్కోగలగడం, వెన్ను నొప్పితో ఇంతకుముందు మానేసిన ఇద్దరు మళ్లీ రావడం నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన విషయాలు.

ఇక తీరని కొరతలు. ఈ పడవలో వాంతులే ఉండవని వర్క్‌షాపువారు నాకు చెప్పారు, నేను ప్రయాణికులకు చెప్పాను. అది నిజం కాదు. మనిషికి కడుపులో తిప్పేది ఐదారు సెకన్లకు ఒకసారి నెమ్మదిగా లేచి దిగే ఊపు. బంగాళాఖాతంలో ఎక్కడో దూరాన వాయుగుండం పడితే మనదాకా వచ్చే పొడవాటి కెరటం కూడా అలా నెమ్మదిగా లేపి దించేదే. అది దోనెలనూ డెక్కునూ కలిపి ఒక్కటిగా ఎత్తి దించుతుంది కనుక సిలిండర్లు చేయగలిగిందేమీ ఉండదు. నేరుగా పక్క నుంచి కొట్టే కెరటానికి కూడా ఉపశమనం కొంతే. అక్టోబరులో లంగరు వేసి నిలిపిన ఒక ఉదయం పదకొండు మందిలో నలుగురు వాంతి చేసుకున్నారు, వారికి నేను ఇచ్చిన మాట తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఉప్పు చేసే చేటు ఇంకా పెద్దది. వర్క్‌షాపువారు మట్టిలో పనిచేసే యంత్రాల రాడ్లనే తెచ్చి బిగించారు. నాలుగో నెలలో వెనక కుడి రాడ్డు మీద గోరుతో తడిమితే తెలిసేటట్టుగా ఆవగింజంత గుంటలు పడ్డాయి. ఆ గుంటలు సీలును కోస్తే ఆయిల్ సన్నగా కారి నీటి మీద రంగుల పొరలా పరుచుకుంది. చేపలు బతికే నీటిలో ఆ పొర చూసిన రోజే పడవను ఆపేశాను. పిలిచిన రెండో రోజుకే వర్క్‌షాపువారు మనుషులను పంపి సీలు మార్చారు, కాని ఖర్చులో సగం నన్ను భరించమన్నారు. రాడ్ల ఎంపిక వారిదైనప్పుడు అది న్యాయం కాదని వారికీ చెప్పాను. ఇప్పుడు నాలుగూ 316 రకం స్టెయిన్‌లెస్ రాడ్లు, వాటి మీద రబ్బరు తొడుగులు, నీటిలో కలిసినా తొందరగా విచ్ఛిన్నమయ్యే ఆయిల్ వేయించాను. నైట్రోజన్ ఒత్తిడి చూసుకోవడానికి మీటరు కూడా లేకపోయింది. గ్యాస్ తగ్గి డెక్కు దిగిపోయేదాకా మాకు తెలియలేదు, అదీ నేనే పెట్టించాను.

అన్నిటికంటే ముఖ్యమైన మాట భద్రత గురించి. డెక్కు పైకి లేస్తే పడవ గరిమనాభి, అంటే మొత్తం బరువు కేంద్రం, కూడా పైకి లేస్తుంది, పడవ తేలికగా ఒరుగుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం చూసిన మనం, బరువు మారిన పడవలో జనాన్ని అలాగే ఎక్కించకూడదు. తెలిసిన బరువులను డెక్కు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు జరిపి, ఒరుగుదలను కొలిచే పరీక్షను నేను పట్టుబట్టి నౌకా నిర్మాణ ఇంజనీరుతో చేయించాను. ఆ లెక్క ప్రకారం ప్రయాణికులను పద్నాలుగు నుంచి పదకొండుకు తగ్గించాల్సి వచ్చింది. పెట్రోలులో మిగిలినది ఈ మూడు సీట్లలో కొంత పోయింది, అయినా ఆ తగ్గింపు మీద నాకు రెండో ఆలోచన లేదు.

ఒకే దోనె ఉన్న పాత మరపడవలకు దీన్ని అమర్చే ప్రయత్నం వద్దు, ఈ సూత్రానికి కనీసం రెండు దోనెలు కావాలి. వారానికోసారి రాడ్లను మంచినీళ్లతో కడగగలిగినవారు, పనివారు పిలవగానే రాగలిగినంత దగ్గరలో ఉన్నవారు నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు. వర్క్‌షాపు పనితనానికి ఐదుకు మూడున్నర ఇస్తాను. స్టెయిన్‌లెస్ రాడ్లు, మీటర్లు మొదటి కొటేషన్‌లోనే చేర్చి, వాంతుల మాట ప్రచారంలో నుంచి తీసేసిన రోజున మరొకటి కలుపుతాను.